సోయా సత్తు

"గిన్నె తెచ్చిన వదినె. గీడ్నే పెడ్తున్న."

సత్తవ్వ లోపలికి రాలేదు. గడప బయటనే వంగి, స్టీలు గిన్నెను అరుగు మీద బోర్లించింది.

ఆ అరుగు మీద అలాంటి గిన్నెలు అప్పటికే వరుసగా బోర్లించి ఉన్నాయి. పొద్దున్నుంచి వాడకట్టు ఆడవాళ్లు ఒకరి వెనుక ఒకరు వచ్చి, పలకరించకుండా పెట్టిపోయినవి. సద్దుల బతుకమ్మ నాడు గంగమణి సత్తు పిండి నింపి పంచిన గిన్నెలే అవన్నీ. ఇచ్చిన గిన్నెను వట్టిగా తిప్పి పంపే అలవాటు ఆర్మూరులోని ఆ వాడకట్టులో ఏ ఇంటికీ లేదు. గుప్పెడు మక్కలో, నాలుగు పసుపు కొమ్ములో, ఏమీ లేకపోతే చిటికెడు చక్కెరో వేసి పంపుతారు. ఈ రోజు వచ్చినవన్నీ వట్టివే.

"జర లోపలికి రా సత్తవ్వా. చాయ్ పెడ్త" అన్నది గంగమణి.

"వద్దు. మీ ఇంట్ల మంచినీళ్లు తాగొచ్చిన అన్నా మా కోడలు భయపడ్తది."

"కోడలికి ఎట్లుంది?"

"ఎట్లుంటది? ఐదు నెలల కడుపుతోని వాంతులు, విరేచనాలు. దవాఖానల గ్లూకోజు ఎక్కిచ్చిండ్రు. నిన్న ఇంటికి తెచ్చినం. కడుపుల పిల్లకు ఏం కాలేదన్నడు డాక్టరు. గని దాని కండ్లు చూస్తె నాకే ఏడుపొస్తుంది."

"నేను గూడ తిన్న గదా సత్తవ్వా! నాకు గూడ లేవరాలె. కావాల్నని నా కడుపుల నేనే చిచ్చు పెట్టుకుంటనా?"

"నువ్వు కావాల్నని చేసినవని ఎవ్వరన్నరు? అయితె నీ పిండిల ఏమన్న ఉండాలె, లేకుంటె నీలవ్వ చూపుల ఉండాలె. రెండిట్ల ఒకటి. అందరం తిన్నం, అందరం పడ్డం. అది ఒక్కతే నిమ్మళంగ కూసోని బీడీలు చేసుకున్నది."

"అది తినలేదు గదా."

"ఎందుకు తినలేదు?"

ఎందుకు తినలేదో ఇద్దరికీ తెలుసు. నీలవ్వ భర్త పోయిన మనిషి. బతుకమ్మలను నీళ్లలో వదిలి వచ్చాక, ముత్తైదువలు ఒకరి కొంగులో ఒకరు పిండి పోసి వాయినాలు ఇచ్చుకున్నంతసేపూ ఆమె అవతలగా చెప్పుల దగ్గర కూర్చుంది. కొంగు పట్టమని ఆమెతో ఎవరూ అనలేదు. గంగమణి కూడా అనలేదు.

"ఆశతోని చూసింది. గా చూపే తాకింది" అన్నది సత్తవ్వ గొంతు తగ్గించి. "బాణామతి అంటున్నరు. పొద్దుమూకంగ సంఘంల కూసుంటున్నరు. లక్ష్మీరాజం పటేలు నిన్ను రమ్మన్నడు. మిగిలిన పిండి గూడ పట్టుకరమ్మన్నడు."

"దాన్నేం జేస్తరట?"

"మొగోళ్లు ఏందేందో అంటున్నరు. పండ్లు ఊడగొడితె మంత్రం పారదట. ఊడగొట్టి, వాడకట్టు అవతలికి తోలుడే అంటున్నరు."

"పండ్లా!" గంగమణి చెయ్యి తెలియకుండానే తన నోటి దగ్గరికి పోయింది. "దానికున్నయే నాలుగు పండ్లు!"

సత్తవ్వకు నవ్వు రాబోయింది. పెదవి కొరికి ఆపుకుంది.

"నవ్వొస్తుంది వదినె, గని నవ్వే ముచ్చట గాదు. మరి పిండిల ఏం లేదని సారే చెప్పిండు గదా పటేలుకు, పండుగ తెల్లారి? గందుకే గదా మాట నీలవ్వ మీదికి పోయింది. ముప్పై ఏండ్లు పిల్లలకు సైన్సు చెప్పిన మనిషి. సారు అబద్ధమాడతడా?"

"ఆడడు" అన్నది గంగమణి.

ఆ ఒక్క మాట, తలుపు చాటున లోపలి గదిలో కూర్చున్న ఆ సారు, ఆమె భర్త గంగాదాస్ చెవిన పడింది.

*

ఆయన చేతిలో నాలుగు మడతల పేపరు ఉంది. పొద్దున్నుంచి ఒకే పేజీ తెరిచి ఉంది.

పండుగ మరునాడు సంఘం పెద్ద లక్ష్మీరాజం వచ్చి అడిగినప్పుడు గంగాదాస్ చెప్పింది అబద్ధం కాదు. అప్పటికి ఆయన నమ్మిందే చెప్పాడు. సోయా చిక్కుడును మించిన బలమైన గింజ లేదని, మాంసకృత్తుల్లో అది మాంసానికి, గుడ్డుకు సాటి అని, అందులో హానికరమైనదేదీ లేదని వివరించాడు. లక్ష్మీరాజం తల ఊపి వెళ్లాడు. తన వివరణ ఎవరి ఇంటి వైపు వేలు చూపిస్తుందో ఆ ఉదయం ఆయనకు తోచలేదు.

ఆ మరునాడు ఆయనే అనుమానం తీర్చుకుందామని మార్కెట్ యార్డు పక్కనున్న వ్యవసాయ శాఖ ఆఫీసుకు వెళ్లాడు. అక్కడి ఆఫీసరు చిన్నవాడు. గంగాదాస్ తన సంగతిగా అడగలేదు. "మా చుట్టాలాయన ఒకడు సోయాలను గానుగాడించి, నూనె తీయగా మిగిలిన చెక్కతో సత్తు చేయించాడట" అని మొదలుపెట్టాడు.

"వేయించి చేసిండ్రా, పచ్చిదా?" అన్నాడు ఆఫీసరు.

"పచ్చిదే అనుకుంటా."

"అరె! పచ్చి సోయా ఎవరన్న తింటరా సార్? అరుగుదలను అడ్డుకునే గుణం ఉంటది దాంట్ల. ఉడకబెట్టాలె, లేకుంటె కమ్మగ వేయించాలె. వేడి తగిల్తెనే అది చస్తది. బర్రెలకు గూడ పచ్చిది పెట్టొద్దని మేం చెప్తం. పెద్ద మిల్లుల మిషన్ల ఆడిస్తె ఆ వేడికే సగం పోతది. మన గానుగల ఎక్కడి వేడి?" చాయ్ గ్లాసు ఆయన ముందుకు జరిపాడు. "మీ చుట్టాలాయనకు చెప్పుండ్రి సార్. పాపం, తెల్వక చేసి ఉంటడు."

గంగాదాస్ ఆ చాయ్ తాగాడు. కృతజ్ఞతలు కూడా చెప్పాడు. చెప్పాల్సిన చోట మాత్రం ఇంతవరకు నోరు విప్పలేదు.

తెలియకపోవడం సిగ్గుపడవలసిన విషయం కాదని, తెలిశాక దాచడమే సిగ్గుచేటని ఆయన ఎన్నో తరగతులకు బోధించాడు. నిజానికి గంగమణి ఆ రోజు మూకుడు పొయ్యి మీద పెట్టింది. సత్తు అంటేనే వేయించి విసిరేది, మక్కలైనా పెసళ్లైనా. అడ్డుపడింది తనే. "వేయిస్తే మాంసకృత్తులన్నీ మాడిపోతయి, బలమంతా పొగలో పోతది" అన్నాడు. నువ్వుల చెక్కను గానుగ దగ్గరే చక్కెర అద్దుకొని తినే వాళ్లం, దీన్నెందుకు కాల్చాలని వాదించాడు. ఆమె మూకుడు దించింది. ముప్పై ఏళ్లుగా ఆయన మాటకు ఆమె పొయ్యి మీది నుంచి ఎన్నో దించింది.

గంగమణి లోపలికి వచ్చి కంచం పెట్టింది. ఆయనకు చక్కెర జబ్బు. రెండు జొన్న రొట్టెలు, పప్పు. ఆ జబ్బు వల్లనే పండుగ నాడు ఆయన సత్తు ముట్టలేదు. వాడకట్టు మొత్తంలో సత్తు తినక, జబ్బు పడకుండా ఉన్నది నీలవ్వ ఒక్కతే కాదు. కానీ రెండో మనిషి ఎవరని ఎవరూ వెతకలేదు.

"గిన్నెలన్ని వచ్చినయి" అన్నది గంగమణి.

ఆయన రొట్టె తుంచాడు.

"మీరు వింటున్నరా?"

"వింటున్న."

"నాకు పాణం నిలుస్తలేదు. ఇంతమంది ఒక్కసారె పడుడు ఏంది? నిజంగనే పిండిల ఏం లేదు గదా?"

ఇదొక అవకాశమని ఆయనకు తెలిసింది. ఇంట్లో ఇద్దరే ఉన్నారు. చెబితే ఆమె తిడుతుంది, ఏడుస్తుంది, చివరికి తోవ చెబుతుంది కూడా. నోట్లోని రొట్టె ముక్కను ఆయన చాలాసేపు నమిలాడు.

"లేదు" అన్నాడు.

గంగమణి నిట్టూర్చింది. అది ఊరట చెందిన మనిషి నిట్టూర్పు. ఇంకొంచెం పప్పు వేసింది. ఆమె వేసిన పప్పును ఆయన తినలేకపోయాడు. వదిలేస్తే ఎందుకని అడుగుతుందేమోనని తిన్నాడు.

*

మధ్యాహ్నం ఆయన పెర్కిట్ దారిలో ఉన్న పొలానికి నడిచాడు. తమ్ముడు గంగాకిషన్ బావి దగ్గర ఆయిల్ ఇంజన్ నడిపిస్తున్నాడు. కరెంటు రాత్రికి గాని రాదు. మోకాళ్లు దాటి ఎదిగిన పసుపు చేను నీళ్లడుగుతోంది.

ఇంజన్ గొట్టం నుంచి వచ్చే పొగకు బజ్జీలు కాలే వాసన ఉంది. డీజిలులో సగానికి సగం గానుగ తీసిన సోయా నూనె కలిపి నడిపించడం గంగాదాస్ ఆలోచన. మొదటిసారి ఇంజన్ అందుకున్న రోజున చుట్టుపక్కల రైతులంతా వచ్చి చూశారు. నూనె ఇంజన్‌కు, చెక్క మనిషికి, పొట్టు పశువుకు, వేరు నేలకు అని ఆయన ఆ రోజు చెయ్యి ఊపి చెప్పాడు. అప్పుడు గింజ మీద ఉన్న నమ్మకం కంటే తన మీద తనకున్న నమ్మకమే ఎక్కువగా మాట్లాడిందని ఇప్పుడు అనిపిస్తోంది.

"దీని పొగ పీల్చినకొద్ది ఆకలైతది అన్నా" అన్నాడు గంగాకిషన్ నవ్వుతూ. అన్న ముఖం చూసి నవ్వు ఆపాడు. ఇంజన్ కూడా ఆపాడు. "ఏమైంది?"

గంగాదాస్ చెప్పాడు. ఆఫీసరు మాట, మూకుడు దించిన సంగతి, పొద్దున గంగమణితో ఆడిన అబద్ధం. ఇంజన్ ఆగిన నిశ్శబ్దంలో తన గొంతు తనకే పెద్దగా వినిపించింది.

గంగాకిషన్ తువ్వాలతో చేతులు తుడుచుకున్నాడు. పక్కనే సోయా చేను ఆకు రాల్చి, పసుపుపచ్చగా పండిన కాయలతో కోతకు నిలబడి ఉంది.

"ఎవరికన్న చెప్పినవా?"

"లేదు. సాయంత్రం సంఘంల చెప్తా."

"ఏమని చెప్తవ్? నా తమ్ముడు నాలుగెకరాలల్ల విషం వేసిండు అని చెప్తవా?"

"అది విషం కాదు కిషన్. వేయిస్తే..."

"గీ వేయిస్తే, ఉడకబెడ్తే నాకు చెప్పకు. రేపు వాడకట్టుల ఏమంటరో గది చెప్పు. ఇప్పటికే కూలోళ్లు కోతకు రామంటున్నరు. ఇంకొన్ని రోజులు ఆగితె కాయలు పగిలి గింజ నేల రాల్తది. నిన్ను చూసి వేసినోళ్లు ఎంతమంది ఉన్నరు? పసుపు తగ్గించి మరీ వేసిండ్రు. సారు చెప్పిండు, సారు చెప్పిండు అనుకుంట."

"అక్కడ ఒక ముసలిదాని పండ్లు ఊడగొడ్తమంటున్నరు."

"ఊడగొట్టరు. ఉత్తగ బెదిరిస్తరు. మహా అంటె నాలుగు రోజులు దాని బిడ్డ దగ్గరికి మోర్తాడ్ పోతది. గాలి సల్లబడంగనె వస్తది." గంగాకిషన్ కాసేపు అన్న వైపు చూశాడు. తరువాతి మాట కోపంగా కాదు, జాలిగా అన్నాడు. "పుట్టిన కాన్నుంచి దయ్యం లేదు, మంత్రం లేదు అని అందరితోని కొట్లాడినవ్. ఇయ్యాల గా దయ్యమే నిన్ను కాపాడుతుంది. ఊకె ఉండు అన్నా."

గంగాదాస్‌కు చెంప మీద కొట్టినట్టయింది. తమ్ముడు తప్పు మాట అనలేదు. ఈ మూడు నాళ్లుగా తాను చేస్తున్నది అదే.

"ఇంజన్ వెయ్యి. చేను ఎండుతుంది" అని మాత్రం అని వెనుదిరిగాడు.

*

వాడకట్టు చివర నీలవ్వ ఇల్లు. ఆ దారిన రాకుండా ఉండవలసింది. కానీ కాళ్లు అటే పోయాయి.

ఆమె గడప మీద చాట ఒళ్లో పెట్టుకొని తునికాకులు కత్తిరిస్తోంది. సాయంత్రానికి బీడీ కట్టలు కార్ఖానాకు అందించాలి. ఎవరో పొద్దున ఆమె గోడ మీద పేడ కొట్టిపోయారు; దాన్ని ఆమె తుడవలేదు.

"రాండ్రి సారూ. కూసోమందామంటె మీరు కూసుంటె మిమ్మల్ని గూడ బాణామతోడు అంటరు" అన్నది నవ్వి. పైవరుసలో రెండు, కిందివరుసలో రెండు పళ్లు కనిపించాయి.

గంగాదాస్ నిలబడ్డాడు.

"నాకే మంత్రాలొస్తె సారూ, గీ కార్ఖాన షావుకారు నా బీడీలల్ల సగం బాలేవని తీసి పారేస్తుండెనా? ముందుగాల వాని చెయ్యి పడగొడ్తుంటి. గా ఆడోళ్ల కడుపుల మీద నాకేం పగ? పండుగ పూట పిల్లలు గంతులేస్తుంటె చూసిన. చూసుడు గూడ తప్పేనా?"

"తప్పు కాదు" అన్నాడాయన.

"గదే మీరు సంఘంల అనుండ్రి. గా నిమ్మకాయ ముచ్చట యాదికున్నదా? సంఘం ముంగట నిమ్మకాయ కోస్తె నెత్తురు కారిందని అందరు ఉరికిండ్రు. కత్తికి మందార పువ్వు రసం రాసిండ్రు, కాయ పులుపు తగిల్తె ఎర్రగైతది, మంత్రం గింత్రం ఏం లేదని చేసి చూపిస్తిరి. నేనప్పుడు అందరికంటె ఎక్కువ నవ్విన. ఇయ్యాల గూడ అట్లనే ఏదన్న చేసి చూపిచ్చుండ్రి. మీ మాట ఇంటరు సారూ. నా మాట ఎవడింటడు?"

"వస్త" అన్నాడు గంగాదాస్. చెప్తా అనలేదు. ఆ తేడా తనకు తెలుసు. ఆమెకు తెలియలేదు.

"పోయి రాండ్రి. నేను గూడ గీ కట్టలు ఇచ్చొస్త. తోలేసినా సరే, ఇయ్యాల్టి కూలి పోగొట్టుకోను."

*

దీపాలు పెట్టేవేళకు సంఘం భవనంలో చాపలు పరిచారు. మగవాళ్లు గోడ వెంట, ఆడవాళ్లు తలుపు దగ్గర. మధ్యలో ఖాళీ. నీలవ్వ ఆ ఖాళీలో, చెప్పకుండానే తన చోటు అదేనని తెలిసినట్టు కూర్చుంది. లక్ష్మీరాజం పటేలు తెల్ల తువ్వాల భుజాన వేసుకొని కుర్చీలో ఉన్నాడు. గంగాదాస్‌కు కూడా కుర్చీ వేశారు. ఆయన చాప మీద కూర్చుంటానన్నాడు, వినలేదు.

"గంగమణి చెల్లె, పిండి తెచ్చినవా?" అన్నాడు లక్ష్మీరాజం.

ఆమె మూత బిగించిన డబ్బాను ముందుకు నెట్టింది.

"దీంట్ల ఏమేం వేసినవో చెప్పు. భయపడకు."

"సోయాల చెక్క, చక్కెర, నెయ్యి, యాలకులు. ఇంకేం లేదు పటేలా."

"కల్తీ గిల్తీ?"

"గానుగ కాడ మా సారు నిలబడి ఆడిచ్చుకొచ్చిండు. నేనే దంచిన, నేనే జల్లెడ పట్టిన. పొద్దున గూడ అడిగిన మా సారును, పిండిల ఏమన్న ఉంటదా అని. లేదన్నడు." గంగమణి తల ఎత్తింది. సాధారణంగా నలుగురిలో మాట్లాడని మనిషి, ఇప్పుడు గొంతు స్పష్టంగా పలికింది. "ఆయన మీద ఒట్టేసి చెప్తున్న. పిండిల ఏం లేదు. మా సారుకు ఎర్క లేకుండ ఏం ఉండది. ఎర్కుంటె దాచే మనిషి గాదు."

గదిలో తలలు ఊగాయి. సత్తవ్వ కూడా ఊపింది. ఆ మాటతో తీర్పు దాదాపు అయిపోయింది. పిండి నిర్దోషి కాగానే, మధ్యలో కూర్చున్న ముసలామె మీదికి అన్ని చూపులూ ఒకేసారి తిరిగాయి.

గంగాదాస్ కుర్చీ చేతులను పట్టుకున్నాడు. ఇప్పుడే లేవాలి. ఈ వాక్యం కాగానే. లక్ష్మీరాజం దగ్గి, మళ్లీ మాట్లాడాక.

"ఏం నీలవ్వా, ఏమంటవ్?"

"ఏమంట పటేలా? గంగమణి మంచిది. అబద్ధం చెప్పదు. సారు అంతకంటె మంచోడు. పిండి గూడ మంచిదే అయి ఉంటది. మరి నేను ఒక్కదాన్నే చెడ్డదాన్నా?" ఆమె గంగాదాస్ వైపు చూసింది. "సారూ, చెప్పుండ్రి."

అందరూ ఆయన వైపు చూశారు.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "మంత్రాలు లేవు" అన్నాడు. "బాణామతి అనేది లేదు. ఇది నేను ఎప్పుడూ చెప్పేదే."

"మరి గింతమంది ఎందుకు పడ్డరు సారూ?" అని వెనుక నుంచి ఎవరో అడిగారు.

గంగాదాస్ తల వంచుకున్నాడు. గోడ వెంట నవ్వు పుట్టింది. "సైన్సుకు గూడ అంతు చిక్కలేదంటె ఇగ అది మంత్రమే" అన్నాడొక పెద్దమనిషి.

లక్ష్మీరాజం చెయ్యెత్తి ఆపాడు. ఆయన కఠినుడే కాని అన్యాయస్థుడు కాడు. "ఆగుండ్రి. పండ్లు ఊడగొట్టుడు గిట్ల నా ముంగట జరగది. ఒక పని చేద్దాం. మిగిలిన పిండి గీడ్నే ఉంది. నీలవ్వ తినలేదు గావట్టి గీ లొల్లంత. ఇప్పుడు తింటది. దానికి గూడ పడకపోతె, తప్పు పిండిది. ఏం గాకపోతె, తప్పు ఎవరిదో తేలినట్టే."

గంగాదాస్ ఉలిక్కిపడ్డాడు. అది పరీక్ష. వంకర పరీక్ష కాదు. తరగతి గదిలో తాను నేర్పిన తీరులోనే ఉంది. ఫలితం కూడా ఆయనకు తెలుసు. నీలవ్వ తింటుంది, రాత్రికి పడిపోతుంది, ఆమె మీది నింద తొలగిపోతుంది. పిండిదే తప్పని తేలుతుంది; కానీ ఆ తప్పు తనకు ముందే తెలుసని తేలదు. ఒక్క మాట మాట్లాడకుండా అంతా సర్దుకుంటుంది. ఖర్చయ్యేది ఒక ముసలి దేహం.

ఈ లెక్క ఆయన మనసు ఎంత తొందరగా వేసిందో, వేసిందని ఆయనకు అంత ఆలస్యంగా తెలిసింది.

"పెట్టుండ్రి. తింట" అన్నది నీలవ్వ. మోకాళ్ల మీద ముందుకు జరిగి, గంగమణి ఎదుట కొంగు పట్టింది. "ఇయ్యి బిడ్డా. పండుగ నాడు అడగలేదు. ఇప్పుడు అడుగుతున్న."

గంగమణి డబ్బా మూత తీసింది. యాలకుల వాసన గదిలో పరుచుకుంది. పిండి పిడికిట పట్టుకొని, వంగి ఆ చిరుగుల కొంగులో పోస్తుండగా, అలవాటు కొద్దీ ఆమె పెదవులు కదిలాయి.

"ఇస్తినమ్మ వాయినం..."

సగంలో ఆగిపోయింది. ఎవరికి అంటున్నదో గుర్తొచ్చి ముఖం ఎర్రబడింది.

"పుచ్చుకుంటినమ్మ వాయినం" అని నీలవ్వ పూర్తి చేసింది. నవ్వుతూనే అన్నది. ఆడవాళ్లలో ఎవరూ నవ్వలేదు. సత్తవ్వ తల తిప్పుకుంది.

నీలవ్వ పిండిని ముద్ద చేసి నోటి దగ్గరికి తీసుకుపోయింది.

"తినకు!"

కుర్చీ వెనక్కి పడింది. గంగాదాస్ ఎప్పుడు లేచాడో, ఎప్పుడు మధ్యలోకి వచ్చాడో ఆయనకే తెలియదు. నీలవ్వ మణికట్టు ఆయన చేతిలో ఉంది. అది తునికాకు పుల్లంత సన్నగా ఉంది.

"ఎందుకు సారూ?" అన్నది నీలవ్వ.

"అది పచ్చిది." అన్నాడాయన. "వేయించలేదు. సోయాలు పచ్చివి తింటే ఎవరికైనా పడవు. నీలవ్వకు, దీనికి ఏ సంబంధం లేదు. తప్పు నాది. గంగమణి మూకుడు పొయ్యి మీద పెడితే నేనే దింపించిన. వేయించొద్దని నేనే చెప్పిన."

ఒకరి మాట ఒకరికి వినపడకుండా అందరూ ఒకేసారి మాట్లాడారు. సత్తవ్వ ఏడుస్తూ కోడలి పేరు చెప్పి తిట్టింది. ఆ తిట్లు ఆయన నిలబడి విన్నాడు. ఈ మూడు నాళ్లలో ఊపిరి ఆడింది అప్పుడే.

లక్ష్మీరాజం అందరినీ కసిరి కూర్చోబెట్టాడు.

"పండుగ తెల్లారి నా ముంగట ఏం లేదంటివి గదా సారూ?"

"అప్పటికి నాకు తెల్వదు పటేలా. నిజంగా తెల్వదు."

లక్ష్మీరాజం ఆ మాటను నమ్మినట్టే తల ఊపాడు. తెలియక చేసిన తప్పు అన్నట్టు గది కాస్త సడలింది. వెనుక ఎవరో "పాపం సారు" అన్నారు. అక్కడితో ఆగిపోయేదేమో.

గంగమణి నీలవ్వ ఎదుటే మోకాళ్ల మీద ఉంది. ముసలామె కొంగులోంచి పిండిని చిన్న చిన్న పిడికిళ్లతో తీసి తిరిగి డబ్బాలో వేస్తోంది. భర్త వైపు చూడలేదు.

"మరి ఎన్నడు ఎర్కయింది?" అని అడిగింది.

గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టుంది.

గంగాదాస్ నోరు తెరిచాడు. జవాబు చెబితే, ఇంతకు ముందే తన మీద ఒట్టేసి ఆమె ఇంతమంది ఎదుట చెప్పిన మాట అబద్ధమవుతుంది. చెప్పకపోతే, పొద్దున కంచం ముందు తాను చెప్పింది మళ్లీ చెప్పినట్టవుతుంది.

గంగమణి కొంగు చివర అంటుకున్న ఆఖరి పిండిని వేలితో దులిపి, డబ్బాకు మూత పెట్టింది. అప్పుడు తలెత్తి ఆయన ముఖంలోకి చూసింది.